నేను తెచ్చిన పోస్టు

ప్రభుత్వం నన్ను టీచర్ అనలేదు, విద్యా వాలంటీర్ అంది. డిగ్రీ ఉంది గానీ ట్రైనింగ్ లేదు కాబట్టి ఆ మాటే నాకు ఎక్కువన్నట్టు చూసేవారు ఆఫీసులో. గుండుగొలనులో మా ఇంటి నుంచి బస్సెక్కి, కొల్లేరు గట్టు దగ్గర దిగి, పడవలో నీళ్ళ మధ్యనున్న లంక ఊరి బడికి వెళ్ళేదాన్ని. బడికి ఉన్నది ఒక్క హెడ్మాస్టరే. వేసవి సెలవులు రాగానే నా ఉద్యోగం ఊడిపోయేది. బడి తెరిచాక మళ్ళీ తీసుకుంటేనే ఉన్నట్టు. జీతం బడి నడిచిన నెలలకే. ఆకలి మాత్రం సెలవులు తీసుకునేది కాదు.

మొదటి రోజే హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేవకుండా, "ఈ ఊళ్ళో పిల్లలు చదవరండీ. మీరు ఊరికే హైరానా పడకండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా నాన్నగారు చర్చిలో గంట కొట్టి బెంచీలు తుడిచేవారు. మిషన్ బడివాళ్ళు చిన్నప్పుడు ఇంటికొచ్చి అడగబట్టే ఆయనకు నాలుగక్షరాలు అబ్బాయి. వీళ్ళను ఎవరైనా వెళ్ళి అడిగారా అసలు?

బడి అయ్యాక ఇల్లిల్లూ తిరిగాను. చేపల చెరువుల దగ్గర కూలికి వెళ్ళే ఒక తల్లి, చంటివాణ్ణి చూసుకోవడానికి పెద్దపిల్లను ఇంట్లోనే ఉంచేసింది. పిల్లను పంపితే వీణ్ణెవరు చూస్తారని అడిగింది. వాణ్ణి కూడా చంకనేసుకుని రమ్మన్నాను. వాడు నా బల్ల కింద నిద్రపోయేవాడు, అక్క పక్కన కూర్చుని పలక మీద రాసుకునేది. అది చూసి మిగతా ఆడపిల్లలూ చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ ఎత్తుకుని రావడం మొదలుపెట్టారు. ఇది బడా, బాలింతల వార్డా అని హెడ్మాస్టరు గారు విసుక్కున్నారు. నేను వినిపించుకోలేదు.

ఆదివారాలు తాడేపల్లిగూడెంలో దూరవిద్య బీఈడీ క్లాసులు. ఆరాధనకు రావడం మానేశానని అమ్మ నాతో సరిగ్గా మాట్లాడేది కాదు. ట్రైనింగ్ పూర్తయితే సెలక్షన్ పరీక్ష రాసి అసలైన టీచర్‌నవుతాను, అప్పటిదాకా ఈ బడిలో నిలబడితే చాలు అనుకున్నాను. బడి నిండా పిల్లలుంటే నన్నెవరూ కదపలేరని నా ధీమా.

ఆ ధీమానే నా కొంప ముంచింది. పిల్లలు పెరిగారని బడికి రెగ్యులర్ పోస్టు మంజూరైంది. దానికి ట్రైనింగ్ పూర్తయినవాళ్ళే అర్హులు. నాకింకా ఆఖరి పరీక్షలు మిగిలి ఉన్నాయి. లంకలో గడిపిన ఏళ్ళకు ఒక్క మార్కు కూడా కలపలేదు.

"మీ కష్టం వల్లే పోస్టొచ్చిందండీ" అన్నారు హెడ్మాస్టరు గారు. "కానీ రెగ్యులర్ టీచరొస్తే వాలంటీరు ఉండకూడదు కదండీ." ఆయన నిజంగానే బాధపడ్డారు. అందుకే ఇంకా కోపమొచ్చింది.

కొత్తగా వచ్చినామెకు నీళ్ళంటే భయం. మొదటి రోజు పడవలో నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. మంచి మనిషే పాపం, తిట్టుకునే వీలు కూడా ఇవ్వలేదు. పిల్లల్ని ఆమెకు అప్పగించి అదే పడవలో వెనక్కి వచ్చేశాను. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు నన్ను.

నా బీఈడీ చేతికొచ్చేసరికి చిన్న తరగతులకు వేరే ట్రైనింగ్ చేసినవాళ్ళకే ముందు చోటన్నారు. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్ళాను. పాఠం చెప్పమని అడగలేదు. లంకలో ఏం చేశానో వినగానే ప్రిన్సిపాల్ ముఖం వెలిగింది.

"అయితే ఇల్లిల్లూ తిరగడం మీకు అలవాటేనన్నమాట" అన్నారు.

ఉద్యోగం ఇచ్చారు. వేసవి సెలవులకు ముందే టీచర్లమంతా అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగాలి. పిల్లల్ని తెచ్చినవాళ్ళకే పై ఏడు ఉద్యోగం. నన్ను పంపింది కొల్లేరు వైపే. గట్టు దాకా స్కూలు బస్సు పంపిస్తామని చెప్పమన్నారు.

లంకలో ముందు ఆ తల్లి ఇంటికే వెళ్ళాను. చెరువులో వాటా దొరికి ఇల్లు కాస్త నిలదొక్కుకుంది. నా బల్ల కింద నిద్రపోయినవాడు ఇప్పుడు ఆ బడిలోనే చదువుతున్నాడు. ఆమె మజ్జిగ ఇచ్చి, నా చేతిలో కరపత్రం తీసుకుంది. ఫీజు ఎంతని కూడా అడగలేదు.

"మీరు మంచిదంటే మంచిదేనండీ, పంతులమ్మగారూ. మీరొక్క మాట చెప్పండి, ఊరంతా పంపేస్తారు."

నిజమే, పంపేస్తారు. పిల్లలు పోతే ఆ పోస్టూ పోతుంది. పోతే బాగుండునని గట్టిగానే అనిపించింది. ఎవరి కోసం కాళ్ళరిగేలా తిరిగాను? ఇంతలో బడి వదిలారు. ఆ కుర్రాడు పుస్తకాల సంచీ ఊపుకుంటూ వచ్చి, నేనెవరో తెలియక అమ్మ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఈ బడే మంచిదమ్మా" అని చెప్పి, ఆమె చేతిలోంచి కరపత్రం వెనక్కి తీసుకున్నాను. మరే ఇంటికీ వెళ్ళలేదు.

ఏలూరు వచ్చాక ప్రిన్సిపాల్ ఎంతమంది దొరికారని అడిగారు. పై ఏడు నన్ను ఉంచరని నాకు తెలుసు.

"ఆ ఊళ్ళో పిల్లలు చదవరండీ" అన్నాను.