చెయ్యి ఊపని ఫోటో

ఆ ఫోటోలో అతను పాకింది కెమెరాను పరీక్షించడానికా, లేవలేకనా? ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా నాకు తెలియదు.

అడవిలో నలభై చోట్ల చెట్లకు కెమెరాలు కట్టి ఉండేవి. ఎదురుగా ఏది కదిలినా వాటంతటవే ఫోటో తీసేవి. మా ఆఫీసు డ్రైవరు వారానికోసారి చెట్ల వెనక నుంచి వెళ్లి, ఫోటోలు పడిన మెమొరీ కార్డులు ఊడదీసి తెచ్చేవాడు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ పని ఆ ఫోటోలు ఏరడం. చిరుత ఒక వైపు, దుప్పి ఒక వైపు, గాలికి ఊగిన గడ్డి చెత్తలోకి. మనుషుల ఫోటోలు ఉంచకూడదన్నది నియమం.

కెమెరాలు కట్టేది ఆవిడ భర్తే. ఫోను అందని ఆ కొండల్లో పదేసి రోజులు ఒంటరిగా తిరిగేవాడు. కట్టిన రోజున, ఎత్తు సరిపోయిందో లేదో చూడటానికి జంతువులా దాని ముందు పాకేవాడు. ఆనక లేచి, చూసేది భార్యేనని తెలుసు కనక, చెయ్యి ఊపేవాడు.

"ఇవాళ కూడా మొదటి జంతువు మా ఆయనేనండీ," అంటూ ఆవిడ తుడిచేసేది.

ఆ మంగళవారమూ అదే మాట అని స్క్రీను నా వైపు తిప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రానికి కార్డులన్నీ ఖాళీ చేసి, మళ్లీ కెమెరాల్లో పెట్టమని డ్రైవరుకిచ్చేశాం.

శుక్రవారం దిగి రావలసిన మనిషి రాలేదు. శనివారం పొద్దున ఆవిడ కుర్చీలో కూర్చోబోతూ ఆగిపోయింది.

"మంగళవారం చూసిన ఆయన ఫోటో కార్డులో మొదటిది కాదండీ. చివరిది. చెయ్యి కూడా ఊపలేదు."

డ్రైవరు అప్పటికే జీపు తాళంచెవి తీశాడు. "ఏ కెమెరా వదినా? నంబరు చెప్పు చాలు."

"వెనకాల ఏదో బండ ఉంది..."

"ఆ కొండలో బండ లేని చోటెక్కడుంది వదినా?"

నంబరు ఆవిడకు గుర్తు రాలేదు. కార్డులు తిరిగి తెప్పించినా లాభం లేకపోయింది. పాత ఫోటోల చోట కొత్తవి పడిపోయాయి.

ఎనిమిదో రోజు వెతకడం ఆపేశారు. ఆ మధ్యాహ్నం ఆవిడ కుర్చీలు పక్కకు జరిపి, మోకాళ్లూ అరచేతులూ ఆనించి కిటికీ దాకా పాకింది. వెనక్కి పాకుతూ వచ్చింది.

"సరదాకి పాకితే తల పైకే ఉంటుందండీ," అంది నేలవైపే చూస్తూ. "ఆయన తల పైకుందా? మీరూ చూశారు కదా."

చూశాను. గుర్తు లేదు. అదే చెప్పాను.

ఆవిడ లేచి చీర దులుపుకుంది. కెమెరాల చోట్లకు నలభై చుక్కలున్న అడవి పటాన్ని గోడ మీంచి ఊడదీసి, మడిచి చంకలో పెట్టుకుంది. కంప్యూటరు కట్టెయ్యలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే "ఎక్కడికండీ?" అన్నాను.

మెట్లు దిగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.