కుట్టు మేడం తెరిచిన కంప్యూటర్

మంగళవారం పొద్దున్న స్కూలుకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. అవతల మా స్కూల్లో చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు రాజాంలో కంప్యూటర్లు బాగుచేసే షాపు సొంతంగా నడుపుతోంది. "మేడం, కుట్టు మేడం పోయారండి. నిద్దట్లోనే" అంది.

కుట్టు మేడం మా బాలికల హైస్కూల్లో క్రాఫ్టు టీచరు. నేను అక్కడ ఆఫీసు గుమాస్తాని. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది కానీ ఎవరి నోటా వినపడేది కాదు. మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు ఉండేది, ప్రార్థనలో నిలబడ్డా సరే. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడేవారు. మధ్యాహ్నం స్టీలు గిన్నెలో రాగిపిండితో కాచిన చోడంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ. స్టాఫ్ రూములో ఆవిడ మాటకి పెద్ద విలువ ఉండేది కాదు. లెక్కల మాస్టారు, సైన్సు మాస్టారు మాట్లాడుకుంటుంటే ఆవిడ మూలన కూర్చుని కాజాలు కుట్టుకునేవారు.

ఇది కొన్నేళ్ళ కిందటి సంగతి. ఆ ఏడు పదో తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది ఆడపిల్లలు. వాళ్ళ పరీక్ష వివరాలు ఆన్‌లైన్‌లో పంపడానికి నేను చెబుతున్న రోజే ఆఖరిది, సాయంత్రం ఐదు వరకే గడువు. ఫొటోలు, సంతకాలు, నెల్లాళ్ళు కూర్చుని సరిదిద్దిన పుట్టిన తేదీలు, అన్నీ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్లో ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని హెడ్మాస్టారు రెండుసార్లు చెప్పారు. రేపు, ఎల్లుండి అని నేనే వాయిదా వేశాను.

పదకొండింటికి కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ వేద్దామని బటన్ నొక్కాను. లైటు లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. పదిసార్లు నొక్కాను. రాజాంలో తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే పాలకొండలో ఉన్నాడట, రేపొస్తానన్నాడు. హెడ్మాస్టారు కేకలేసినా బాగుండేది. ఆయన పిల్లల పేర్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

స్టోర్ రూము తాళం కోసం వచ్చిన కుట్టు మేడం నన్ను అలా చూశారు. సంగతి విన్నారు. తన మెషీను డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నారు. హెడ్మాస్టారు కంగారుపడి, అది కుట్టుమెషీను కాదని, చెయ్యి పెడితే ఉన్నది కూడా పోతుందని అన్నారు.

"మాస్టారూ, ఇది ఆగిపోయే ఉన్నాది. ఆగిపోయిందాన్ని నేనింకేటి ఆపగలను?" అన్నారావిడ.

అంతకుముందు వేసవిలో విజయనగరంలో టీచర్లకి కంప్యూటర్ శిక్షణ పెడితే, ఎండకి జడిసి మా స్కూలు నుంచి ఇంకెవరూ వెళ్ళలేదు. ఆవిడ ఒక్కరే రోజూ బస్సెక్కి వెళ్ళొచ్చారు. అక్కడ రాసుకున్న నోటుబుక్కు చేతిసంచీలోనే ఉంది. అది తీసి బల్ల మీద పెట్టి, నాతో అన్న మాట ఇది: "దారం తెగితే సూదిని తిట్టకు పిల్లా. దారం వొచ్చిన దారంతా సూడు."

గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ప్లగ్గులో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశారు, తిరిగింది. మానిటర్‌కున్న తీగ తీసి కంప్యూటర్‌కి పెట్టారు, ఫలితం లేదు. వెనకున్న చిన్న స్విచ్ చూశారు, అది వేసే ఉంది. అప్పుడు కరెంటు తీగ పీకేసి, చేతి గాజులు తీసి నా ఒళ్ళో పెట్టి, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ పోవాలని కిటికీ ఇనప ఊచ ముట్టుకుని, పక్క రేకు విప్పారు. లోపల బూజు, దుమ్ము. కరెంటు పంచే ఇనప డబ్బా నుంచి వచ్చే లావుపాటి తీగల కట్టని బోర్డు నుంచి ఊడదీశారు. నా బల్ల మీది జెమ్ క్లిప్పు వంచి, ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ దాంతో కలిపి, కరెంటు తీగ మళ్ళీ పెట్టి, నన్ను స్విచ్ వెయ్యమన్నారు. వేశాను. డబ్బాలో ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"ఇక్కడిదాకా దారం వొచ్చినాది" అన్నారు.

స్విచ్ ఆపించి క్లిప్పు తీసి, కట్ట మళ్ళీ బోర్డుకి తగిలించి, స్విచ్ వేయించారు. ముందున్న బటన్ నుంచి వచ్చే సన్నటి తీగ ఊడదీసి, అది ఉన్నచోట కనిపించిన రెండు చిన్న ముళ్ళకి స్క్రూడ్రైవర్ మొన ఆనించారు. ఫ్యాన్లన్నీ ఒక్కసారి లేచాయి. బీప్‌మంది. తెర వెలిగింది. హెడ్మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

పాడైంది బటన్ ఒక్కటే. పక్కనే రీసెట్ బటన్ తీగ ఉంటే, దాన్ని ఈ ముళ్ళకి గుచ్చారు. ఆ రోజు నుంచి ఆ కంప్యూటర్ పాతబడి మూలపడేదాకా రీసెట్ బటన్‌తోనే వెలిగింది. నాలుగున్నరకి ముప్ఫై ఎనిమిదో పేరు కూడా వెళ్ళిపోయింది. హెడ్మాస్టారు తన గ్లాసులోని టీ సగం ఇంకో గ్లాసులో పోసి, స్వయంగా ఆవిడకి అందించారు. మర్నాడు టైంటేబుల్లో కొత్త గీత పడింది: పదో తరగతికి వారానికి రెండు పీరియడ్లు కంప్యూటర్, కుట్టు మేడం. ఆడపిల్లలు కంప్యూటర్ క్యాబినెట్లు విప్పి మళ్ళీ బిగించడం నేర్చుకున్నది ఆ పీరియడ్లలోనే. నాకు ఫోన్ చేసిన అమ్మాయి ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఒకతె.

చాలా రోజుల తరవాత అడిగాను, ఆ రోజు మీకు భయం వెయ్యలేదా అని. పెదాల మధ్య గుండుసూదులు తీసి నవ్వారు.

"ఎందుకెయ్యదు? సేతులు వొణికిపోయినాయి. గాజులు సప్పుడు సేస్తే మీకు తెలిసిపోతాదని ముందే తీసీసినాను."

అప్పటిదాకా అది కరెంటు తగలకుండా జాగ్రత్త అనుకున్నాను. ఇప్పుడు ఏ పని ముందు నా చేతులు వణికినా ఆ మాట తలుచుకుని మొదలుపెడతాను. పెన్‌డ్రైవ్‌లోకి మాత్రం ఏ రోజుది ఆ రోజే ఎక్కిస్తున్నాను.

రిటైరయ్యాక ఆవిడ ఊళ్ళు తిరిగారు. ఎక్కడ కంప్యూటర్ మూలపడిందని తెలిస్తే అక్కడికి. నేను చివరిసారి చూసింది మొన్న చలికాలంలో, రాజాం బస్టాండులో. బొబ్బిలి బస్సులో కిటికీ పక్క సీటు, ఒళ్ళో ఏదో ఊరి లైబ్రరీ వాళ్ళ పాత కంప్యూటర్ క్యాబినెట్. వెనక పెట్టమని కండక్టర్ అంటే, దెబ్బ తగులుతాదని ఆవిడ ఒప్పుకోలేదు. నన్ను చూసి, రాత్రికి పనిచేస్తాది అన్నట్టు తలాడించారు. బస్సు కదిలి మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి ముడతలు పడ్డ చెయ్యి బయటికొచ్చింది. అందులో స్క్రూడ్రైవర్, ఎండకి తళుక్కుమంటూ, కనుమరుగయ్యేదాకా ఊగుతూనే ఉంది.