నర్సు పోస్టు రద్దయిన రోజులు

1981లో నేను ఎమిరేట్స్‌లోని ఒక చిన్న ఊరి మున్సిపాలిటీలో, పర్సనెల్ సెక్షన్‌లో గుమాస్తాని. ఉద్యోగుల నియామకాలు, సెలవులు, బదిలీలు, తొలగింపులు అన్నీ ఆ సెక్షన్ మీదుగానే పోయేవి.

మా ఆఫీసుకు పెత్తనం రెండు చోట్ల ఉండేది. ఊరి పెద్దలతో వేసిన కౌన్సిల్ ఒకటి. ఏ పోస్టు ఉండాలి, ఏది అక్కర్లేదు అన్నది వాళ్లు తేల్చేవారు. ఆ పోస్టులో ఎవరిని పెట్టాలి, ఎవరిని తీసేయాలి అన్నది మాత్రం ముదీర్, అంటే డైరెక్టర్ చేతిలో ఉండేది. మా ముదీర్ సుడాన్ దేశస్థుడు. తక్కువ మాట్లాడేవాడు. మామూలు రోజుల్లో ఈ రెండు పెత్తనాల మధ్య గీత ఎవరికీ కనపడేది కాదు.

రూతమ్మ మా ఆరోగ్య విభాగంలో నర్సు. నరసాపురం దగ్గర పల్లె ఆమెది. హోటళ్ల వంటవాళ్లకు హెల్త్ కార్డు కావాలంటే ముందు ఆమె పరీక్ష చేయాలి. అంటురోగం లేదని తేలాకే డాక్టర్ సంతకం. ఒకరోజు ఆమె ఒక వంటవాణ్ణి ఆపేసింది. విడవని దగ్గు, సాయంత్రమైతే జ్వరం. ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని రమ్మంది. ఆ హోటల్ కౌన్సిల్‌లోని ఒక పెద్దమనిషిది.

మర్నాడు ఆయన తిన్నగా నా బల్ల దగ్గరకే వచ్చాడు. అప్పుడు ముదీర్ సెలవు మీద సొంత దేశం వెళ్లి ఉన్నాడు.

“ఆ నర్సు ఖలాస్. టెర్మినేషన్ కాగజ్ బనావో, యల్లా!” అన్నాడు, త్వరగా కానిమ్మన్నట్టు.

టెర్మినేషన్ అంటే మాకు ఉద్యోగంతో పాటు వీసా కూడా పోయినట్టే. సామాను సర్దుకుని విమానం ఎక్కాల్సిందే. నా వీసా కూడా ఆ ఆఫీసుదే.

“ముదీర్ సాబ్ దస్తఖత్ కావాలి సార్,” అన్నాను, నాకొచ్చిన హిందీలో.

“కౌన్సిల్ పెద్దా, ముదీర్ పెద్దా?”

“కౌన్సిలే పెద్ద సార్. కానీ మనిషిని తీసే కాగితం మీద ముదీర్ సంతకం లేకపోతే ఇమిగ్రేషన్‌లో తీసుకోరు.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి నా పేరు అడిగాడు. చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి రూతమ్మ వచ్చింది.

“అన్నయ్యగారూ, నా కాగితం టైపు చేసేశారా? నిజం చెప్పండి.”

“లేదమ్మా. ముదీర్ రావాలి.”

“ఆయనొచ్చి సంతకం పెట్టేస్తేనో? మా చెల్లి నర్సింగ్ ఇంకా సగంలోనే ఉందండీ. పోనీ, ఆ కార్డు ఇప్పించేస్తే వదిలేస్తారంటారా?” తనే తల అడ్డంగా ఊపింది. “వద్దులెండి. ఆ చేతి వంట ఎంతమంది తింటారో.”

ముదీర్ వచ్చేదాకా నాకు తిండి సయించలేదు. బయట కారు ఆగిన చప్పుడైతే చాలు, టైపు ఆపి కిటికీలోంచి చూసేవాణ్ణి.

ఆయన వచ్చాక అంతా విన్నాడు. “నా ఉద్యోగిని తీసే హక్కు కౌన్సిల్‌కి లేదు,” అని ఒక్క ముక్క అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. తర్వాతి సమావేశంలో కౌన్సిల్ ఆమె పనిచేసే పోస్టునే రద్దు చేసింది. దాన్ని అబాలిష్ చేయడం అంటారు. అది వాళ్ల హక్కే. పోస్టు లేకపోతే అందులో మనిషికి జీతం లేదు, వీసా లేదు.

ముదీర్ ఆ తీర్మానాన్ని రెండుసార్లు చదివాడు.

“ఇంకెక్కడైనా నర్సు పోస్టు ఖాళీగా ఉందా?”

“పిల్లలకు టీకాలు వేసే గదిలో ఒకటుంది సార్.”

“అయితే అక్కడికి బదిలీ చెయ్యి. పోస్టు వాళ్లది. మనిషి సంగతి నాది.”

ఆ బదిలీ ఆర్డరులోని నాలుగు వాక్యాలు టైపు చేయడానికి రెండు కాగితాలు పాడుచేశాను. రూతమ్మ ఆర్డరు చదువుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

“మరి ఇప్పుడు వంటవాళ్లని ఎవరు చూస్తారండీ?”

ఎవరూ లేరు. ఆమె వంటవాళ్లను పరీక్షించే గదికి తాళం పడింది. డాక్టర్ మనిషిని చూడకుండానే సంతకాలు పెట్టసాగాడు.

ఆ శుక్రవారం, అక్కడ సెలవు రోజు, ప్రార్థన అయ్యాక రూతమ్మ హోటల్ వెనక వైపు నుంచి వెళ్లి, ఆ వంటవాణ్ణి బతిమాలి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రే చూసి అక్కడే ఉంచేసుకున్నారు. ఈ సంగతి ఆమె నాకు చాలా రోజుల తర్వాత, గొంతు తగ్గించి చెప్పింది. ఆ పెద్దమనిషికి తెలిసిందేమోనని ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఇద్దరం భయపడుతూనే ఉన్నాం.

ఆపైన నా సర్వీసులో పోస్టు రద్దు కాగితాలు చాలా చూశాను. అందులోని మనిషి గతేమిటని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ మనిషి చేసే పని ఇక ఎవరు చేస్తారని కూడా అడగాలని నాకు రూతమ్మ వల్లే తెలిసింది.