కన్నమ్మ గడ్డం మీది మూడు చుక్కలు

ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినా, కోతలు కోయడంలో పినపాక మండలం మొత్తంలో నాకు సాటి లేరు. ఆ సంగతి కన్నమ్మ పెద్దమ్మకు బాగా తెలుసు.

చిన్నప్పుడు ఆమే, ఆమె నేస్తం ముత్తమ్మా ఒకేరోజు గడ్డం మీద మూడేసి పచ్చబొట్టు చుక్కలు పొడిపించుకున్నారు. చనిపోయాక అక్కడ ఒకరినొకరు గుర్తుపట్టాలని. పెద్దమ్మకు లోకంలో ఉన్న తోడు ముత్తమ్మ ఒక్కతే. 2006లో ఖమ్మం హాస్టల్లో ఆయా పని దొరికాక, పిల్లలు నవ్వుతున్నారని పెద్దమ్మ లేజర్ పెట్టించుకుంది. ఆరుసార్లు కాల్చినా ఆ పచ్చరంగు మొండికేసింది. చివరికి పోతూ పోతూ చర్మం రంగు కూడా తీసుకుపోయింది. మూడు తెల్లమచ్చలు మిగిలాయి.

ఈ ఎండాకాలం ముత్తమ్మ చనిపోయింది. పెద్దమ్మ ఊరికి వచ్చి, చుక్కలు మళ్లీ పొడిపించుకోవాలని పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు కూర్చుంది.

"కాలిన తోలుకు పసరు పట్టదక్కా" అన్నదామె.

ఇంటిదాకా నేనే తోడు నడిచాను.

"ఇగ అది నన్నెట్ల గుర్తువడ్తది బిడ్డా?"

"అక్కడంతా చీకటి పెద్దమ్మా. చీకట్ల తెల్లచుక్కలే మంచిగ కనవడ్తయి. నేను పోయి చూసొచ్చిన."

"కోతలోడా" అన్నది.

గడప దగ్గర ఆగి, "ఇంకోసారి చెప్పు" అన్నది.