ఎర్రమందు డాక్టరు గారి పేజీ

సికింద్రాబాద్ పాత డాక్టర్ల జీవిత విశేషాలు పుస్తకంగా వేస్తున్నాం, కాస్త రాసిపెట్టండి అని డాక్టర్ల సంఘం వాళ్లు అడిగితే సరేనన్నాను, బుద్ధి లేక. వైద్యుల చరిత్రలన్నీ ఒక్క మూసలో పోసినవే. వెనకటివాళ్లు వంశమూ గురువూ చెప్పి ఊరుకున్నారు. తర్వాతివాళ్లు కాలేజీ, పతకం, పదవులు చెప్పి ఊరుకున్నారు. ఏ డాక్టరుకూ జన్మలో ఒక్కసారి జలుబు చేసినట్టు ఎక్కడా కనపడదు.

మా పుస్తకంలో మెట్టుగూడ డాక్టరు గారి పేజీ మాత్రం ఖాళీగా మిగిలింది. ఏ రోగంతో వెళ్లినా ముందు సీసాలో ఎర్రమందు పోసి ఇచ్చేవారు గనక ఆయన అందరికీ ఎర్రమందు డాక్టరే. పోయి చాలా ఏళ్లయింది. మౌలాలిలో ఉంటున్న కూతురి దగ్గర పతకాల్లేవు, పట్టా చెదలు తినేసింది. పేజీ నిండకపోతే తీసేస్తామన్నారు సంఘం వాళ్లు.

"జెర చూడండి సార్. మా నాయిన పేరు అండ్ల ఉండాలె" అందామె. కాదనలేకపోయాను.

మెట్టుగూడ గల్లీలన్నీ తిరిగాను. డాక్టరు గారి గురించి అడిగితే అక్కడ ఎవరూ డాక్టరు గారి గురించి చెప్పరు, తమ రోగాలు చెబుతారు. కిరాణా దుకాణం ఆయన సరుకులకొచ్చిన గిరాకీని నిలబెట్టి మరీ చొక్కా ఎత్తి కురుపు మచ్చ చూపించాడు. రిటైరైన రైల్వే గార్డు తన టైఫాయిడ్ మొదలుపెట్టి, రెండో టీ వచ్చేదాకా జ్వరం దిగనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంతకీ డాక్టరు గారు ఎక్కడ పుట్టారండీ అన్నాను.

గార్డు గారి భార్య అందుకుంది. "గదంత మాకేమెరుక సార్? దీపావళి నాడు నాకు నొప్పులు షురూ అయితే వచ్చిండు. మా పెద్దపిల్లలు బుగులుతోని ఏడుస్తుంటే, చేతిల ఉన్న పటాకుల సంచి వాళ్లకిచ్చి కాల్చుకోమన్నడు. చిన్నోడు పుట్టేదాంక కదల్లే."

కురుపూ, టైఫాయిడూ, కాన్పూ అన్నీ కలిపి పేజీ నింపేశాను. ఇది డాక్టరు చరిత్ర కాదు, రోగుల చరిత్ర అని సంఘం వాళ్లు ముఖం చిట్లించారు. ఇది తీసేస్తే నేను రాసిన మిగతా పేజీలన్నీ తీసేయండన్నాను. అచ్చుకు గడువు దగ్గరపడింది కాబట్టి ఒప్పుకున్నారు.

ఆ పేజీ పట్టుకుని మౌలాలి వెళ్లాను. కురుపు దగ్గర ఆమె పకపకా నవ్వింది. దీపావళి దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అదే రెండుసార్లు చదివి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పటాకుల దుకాణాలన్నీ బందున్నయని చెప్పిండు సార్ మాతోని" అంది. "ఆ పండుగంతా నేను నాయినతోని మాట్లాడలే."