మా మామయ్య కొట్టిన గంట

మా మామయ్యకు డీజే అంటే పడదు. నాకూ పడదు. కాకపోతే ఆయన ఆ మాట మెల్లగా చెబుతారు, నేను అరిచి చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తయ్య సువార్తమ్మ వాడంతా చెప్పి పెట్టింది. ఉండనీ.

మిర్యాలగూడలో పాపయ్యగారిల్లు ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. మైక్ సెట్ పాపయ్య అనాలి. నలభై ఏళ్లుగా ఆయనకు అదే పని. మొదట్లో ఒక గ్రామఫోన్ పెట్టె, రెండు గొట్టాల స్పీకర్లు, ఒక బ్యాటరీ ఉండేవట. ఆ పెట్టెను సైకిల్ వెనక కట్టుకుని హాలియా దాకా తొక్కేవారట. తర్వాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, పెన్‌డ్రైవ్ వచ్చింది. గొట్టాలు మాత్రం అవే. సొట్టలు పడితే తనే సుత్తితో సరిచేసి, మళ్లీ తెల్ల రంగు వేస్తారు.

మేం క్రైస్తవులం. అయినా వినాయక చవితికీ, పీర్ల పండుగకూ, బతుకమ్మకూ, దేనికైనా ఆయన గొట్టాలే కట్టాలి. ఏ పండుగకు పొద్దున్నే ఏ పాటతో మొదలుపెట్టాలో, పూజ అయ్యాక ఏది వెయ్యాలో ఆయనకు నోటికి వచ్చు. బతుకమ్మల దగ్గరికి ఆడవాళ్లు చేరగానే మాత్రం మిషను ఆపేస్తారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆడోళ్లు నోటితోని పాడుతుంటె మనం పాట ఎయ్యద్దు బిడ్డా. ఆళ్ల గొంతు ఆళ్లకు ఇనపడాలె," అన్నారు.

అలాంటి మనిషికి పుట్టిన కొడుకు మా ఆయన కృపాకర్. ఒక డీసీఎం బండి, దాని మీద ఎనిమిది బాక్సులు, ఒక జనరేటర్. గణపతి పాటైనా, జానపదమైనా, ఏసుప్రభువు పాటైనా కింద ఒకటే దరువు కలుపుతాడు. మామయ్య ఒకరోజు అన్నం తింటూ, "అన్నిటికి ఒకటే దరువేందిరా?" అంటే, ఈయనగారు, "దరువే గద బాపు ఆళ్లడిగేది. పాట ఎవడింటుండు?" అన్నాడు. మామయ్య మజ్జిగ పోసుకున్నారు. నేను ఊరుకోలేదు, మాట్లాడాను. నా పుట్టిల్లు ఆంధ్ర అంచున కోదాడ కదా, అది పట్టుకుని అత్తయ్య, "కోదాడోళ్ల నోరు, సగం బెజవాడ నోరే," అని నవ్వింది.

మామయ్య గురించి ఊళ్లవాళ్లు చెప్పుకునేది పాటల కంటే ఇంకొకటి ఉంది. జాతరల్లో, పండుగల్లో తప్పిపోయిన పిల్లలను ఆయన మైకు దగ్గరికే తెచ్చి కూర్చోబెడతారు. పిల్లకు ఒక బన్ను కొనిచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, నిదానంగా చెబుతారు. "నీలం గౌను పాప మైకు కాడ ఉన్నది. బన్ను తింటున్నది. పరేషాన్ కాకుండ్రి, ఉరకకుండ్రి, నిమ్మళంగ రాండ్రి." ఆ గొంతు వింటే పోయిన ప్రాణం తిరిగొచ్చిందని చెప్పిన తల్లులు నాకే ఎంతోమంది ఎదురయ్యారు. ఎందుకంత కంగారు పడతారో అనుకునేదాన్ని. పిల్ల ఎక్కడికి పోతుందిలే అనుకునేదాన్ని.

పోయిన క్రిస్మస్‌కు మఠంపల్లి పక్కనే ఉన్న మామయ్య సొంత ఊరికి వెళ్లాం. చర్చి చిన్న దిబ్బ మీద ఉంటుంది. ముందర రోడ్డు. వెనక పాత రాతి గుంట. నాపరాయి తవ్వుకుని వదిలేసి పోతే వాననీళ్లు నిండాయి. లోతెంతో ఊళ్లో ఎవరికీ తెలియదు. పొద్దున ప్రార్థనకు మామయ్య గొట్టాలు చర్చి గోడకు కట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడు వాడల కుర్రాళ్లు మూడు డీజేలతో రోడ్డు మీదికి వచ్చారు. వాటిలో ఒకటి మా ఆయనది. మూడు బండ్లూ ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, ఎవరిది గట్టిగా మోగుతుందో అని పోటీ. దిబ్బ మీద నిలబడితే కాళ్ల కింద మట్టి అదురుతోంది.

మా పాప జ్యోత్స్నకు నాలుగేళ్లు. నా వేలు పట్టుకుని నిలబడింది. కృపాకర్ నల్లద్దాలు పెట్టుకుని బండి పైన నిలబడి చెయ్యి ఊపాడు. ఎంత తిట్టుకున్నా మొగుడు కదా, ముచ్చటేసింది. వేలు విడిపించుకుని ఫోన్ తీశాను. ఆ వీడియో నలభై సెకన్లు. ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. తీసెయ్యలేదు, చూడనూ లేదు.

ఫోన్ దించి చెయ్యి చాపితే పాప లేదు.

ముందు కోపం వచ్చింది. ఈ పిల్లకు ఒక్కచోట కాలు నిలవదు అనుకున్నాను. అటూ ఇటూ చూశాను. అన్నీ పెద్దవాళ్ల నడుములే. "జ్యోత్స్నా!" అని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. నోరు తెరిచానంతే, గొంతు ఎటు పోయిందో తెలియలేదు. అప్పుడు పుట్టింది భయం. చేతులు పైకెత్తి ఊపుతూ జనంలోకి పరుగెత్తాను. నేనూ ఆడుతున్నాననుకుని ఒకావిడ నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పింది. ఆమెను తోసేశాను. పడిందో లేదో చూడలేదు. కృపాకర్ వైపు చూసి ఎగిరెగిరి చేతులు ఊపాను. వాడూ ఊపాడు.

దిబ్బ ఎక్కి మామయ్య దగ్గరికి పోయాను. నా ముఖం చూడగానే ఆయనకు అర్థమైంది. మైకు తీసుకున్నారు. ఎన్ని వందలమంది పిల్లల పేర్లు చెప్పిన మనిషో. రెండుసార్లు దగ్గారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. పక్కనే నిలబడ్డ నాకు ఆయన పెదవులు కదలడం కనిపిస్తోంది తప్ప ఒక్క ముక్క వినబడలేదు. గొట్టాలు మోగుతున్నాయో లేదో కూడా తెలియలేదు. ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచారు.

"బిడ్డా, ఇది ఆగితె తప్ప పిల్ల దొరకది!"

అప్పుడే అత్తయ్య వచ్చి నా భుజం పట్టి గుంజింది. వెనక్కి చెయ్యి చూపిస్తోంది. గుంట. ఆ మాట ఆమె అననక్కరలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎలా దిగానో తెలియదు. మా వెనక లింగస్వామి అనే పక్కింటాయన, అత్తయ్య చెల్లెలు జానమ్మ వచ్చారు. గుంట ఒడ్డున ఎవరూ లేరు. పచ్చటి నీళ్లు. ఆ నీళ్లు కదులుతున్నాయి. డీజే దరువు పడ్డప్పుడల్లా నీళ్ల మీద సన్నటి వణుకు పుట్టి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోతోంది. దరువుకే కదులుతున్నాయా, ఇప్పుడే ఏదైనా పడిందా? ఎంత చూసినా తెలియలేదు. నీళ్లలోకి పోబోతే జానమ్మ నా నడుము పట్టుకుంది. ఆమె చేతిని కొరికాను. వదల్లేదు. లింగస్వామి చొక్కా విప్పుతున్నాడు.

దరువుకూ దరువుకూ మధ్య సందులో గంట వినబడింది. ఒక్క దెబ్బ.

ఆ ఊళ్లో మనిషి పోతే చర్చి గంట అలా కొడతారు. ఒక్క దెబ్బ కొట్టి, పది లెక్కపెట్టేంతసేపు ఆగి, ఇంకో దెబ్బ. అది మోగుతుంటే ఊళ్లో పాట వినబడకూడదు. పెళ్లి బ్యాండైనా ఆపాల్సిందే. గంట ఆగాక మైకులో పోయినవాళ్ల పేరు చెబుతారు. ఆ పేరు వినేదాకా ఎక్కడివాళ్లు అక్కడ నిలబడతారు. ముసలివాళ్లకే కాదు, డీజే ముందు చిందులేసే కుర్రాళ్లకూ అది చిన్నప్పటినుంచి ఒంటబట్టిన అలవాటు.

రెండో దెబ్బకు ఒక డీజే ఆగింది. మూడో దెబ్బకు ఇంకొకటి. నాలుగో దెబ్బకు మా ఆయనది కూడా ఆగింది. గుంటలో నీళ్లు నిలిచిపోయాయి.

"దేవా! పోయిందే నా బంగారుతల్లి," అంటూ అత్తయ్య రాళ్ల మీద కూలబడింది.

నాకు ఏడుపు రాలేదు. దొరికింది, ఇంకెక్కడో దొరికింది, నాకు చెప్పకముందే గంట కొట్టేశారు అనుకున్నాను. తల్లికి చెప్పకుండా గంట ఎలా కొడతారు అని కోపం కూడా వచ్చింది, అంత దయ్యపు కోపం నాది. గంట ఆగింది. పైన గొట్టంలో గరగరమని చప్పుడు వచ్చింది. ఎవరో మైకు చేతిలోకి తీసుకున్నారు. పేరు చెప్పబోతున్నారు. జానమ్మ చేతులు నా నడుము చుట్టూ బిగుసుకున్నాయి.

"పోయినాయిన పేరు పాపయ్య," అంది గొట్టం. "మైక్ సెట్ పాపయ్య."

కాసేపాగి, "నేనే," అంది.

అత్తయ్య తల ఎత్తింది. మామయ్య గొంతు మళ్లీ వచ్చింది. ఒక్కో మాటా విడివిడిగా వినబడుతోంది.

"నన్ను తిట్టేటోళ్లు తరువాత తిట్టుండ్రి. ఎవ్వరు కదలకుండ్రి, బాక్సులు ఎయ్యకుండ్రి. నా మనవరాలు జ్యోత్స్న కానొస్తలేదు. నాలుగేండ్లది, పచ్చ గౌను. ఎవరి కాళ్లకాడ ఆళ్లు, ఎవరి బండి కింద ఆళ్లు సూడుండ్రి. ఏడుస్తుందేమో, జర చెవి పెట్టి ఇనుండ్రి."

ఊరు ఊరంతా చెవి పెట్టింది. అన్ని వందలమంది ఒకేసారి నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రోడ్డు వైపు నుంచి ఒక్కసారిగా కేక లేచింది. లింగస్వామి విప్పిన చొక్కా అక్కడే పారేసి పరుగెత్తాడు. అతని వెనక నేను.

పాప మా ఆయన బండి కిందే ఉంది. వెనక చక్రానికి ఆనుకుని, రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. నాన్న దగ్గరికి పోదామని వచ్చిందట. చప్పుడుకు భయపడి కిందికి దూరిందట. ఏడ్చి ఏడ్చి గొంతు పూర్తిగా పోయింది, పిల్లి కూనలా కీచుమంటోంది. ఆ కీచుమనడమే బండి మీదున్న కృపాకర్‌కు తన కాళ్ల కింద నుంచి వినబడింది. బండిని పాటపాటకూ కొంచెం ముందుకూ వెనక్కూ జరుపుతున్నారు. డ్రైవర్ దస్రు చెయ్యి గేరు మీదే ఉంది. గంట వినబడితే ఆగాడు. లేకపోతే వెనక్కి జరిపేవాడు. ఆ సంగతి తెలిశాక అతను కిందికి దిగి, రోడ్డు మీద చతికిలబడి, చేతులు కాళ్ల సందున దాచుకున్నాడు.

కృపాకర్ పాకుతూ లోపలికి పోయి పాపను తీసుకొచ్చాడు. నల్లద్దాలు ఎక్కడో విరిగిపోయాయి. పాపను నా చేతికివ్వకుండా అలాగే పట్టుకుని, "నా బండి కిందనే... సౌమ్యా, నా బండి కిందనే," అని ఎన్నిసార్లన్నాడో. నేను వాడిని కొట్టాను. తర్వాత వాడినే పట్టుకుని ఏడ్చాను.

సంఘ పెద్దలు మామయ్యను నిలబెట్టి అడిగారు, గంటతోనా నీ ఆటలు అని. "తప్పే," అని చేతులు జోడించారు ఆయన. తాడు గుంజిన గుంజుడికి రెండు అరచేతులూ ఒరుసుకుపోయి ఉన్నాయి. అవి చూశాక పెద్దలు వదిలేశారు. వదలనిది మా అత్తయ్యే. "బతికున్నోని పేరు గంటకు చెప్తరా ఎవరన్న?" అని వారంపాటు అన్నం గిన్నె ఆయన ముందు కొట్టినట్టు పెట్టింది. ఇప్పటికీ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తుంది. మేం నవ్వుతాం గానీ, ఆయన లేవడం కాస్త ఆలస్యమైతే నేనూ గుమ్మం దాకా పోయి చూస్తాను.

కృపాకర్ డీజే మానలేదు. మానేస్తాడనుకుంటే మా ఆయన సంగతి మీకు తెలియదు. కాకపోతే పాట మొదలుపెట్టే ముందు వంగి బండి కింద చూస్తాడు. పాటపాటకూ చూస్తాడు. తోటివాళ్లు ఎగతాళి చేసినా చూస్తాడు.

నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. గంట ఆగి, పేరు ఇంకా రాకముందు, గుంట ఒడ్డున నేను దేవుణ్ణి అడిగాను. ఈ పేరు తప్ప ఏ పేరైనా సరే అని అడిగాను. ఊరికే అడగలేదు, ఒక్కొక్కరినీ తలుచుకుని అడిగాను. అత్తయ్యను ఇస్తానన్నాను. కోదాడలో ఉన్న మా అమ్మను ఇస్తానన్నాను. కృపాకర్‌నూ ఇచ్చేశాను. అప్పుడు గొట్టంలో "పాపయ్య" అని వినబడింది. నాకు హమ్మయ్య అనిపించింది. ఇది అబద్ధం ఆడి దాచుకునే మాట కాదు. ఆయన గొంతే ఆయన చావు చెబుతుంటే, అది ఆయన గొంతని కూడా గుర్తుపట్టకుండా, హమ్మయ్య, మామయ్యేలే అనుకున్నాను.

ఏడాది మోశాను దీన్ని. నాకు పలావులో ఎముకలు లేని ముక్కలేరి పెట్టే మనిషి ఆయన. మొన్న వరండాలో కూర్చుని వైర్లు చుట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను.

ఆయన వైరు చుట్టడం ఆపలేదు.

"నీకట్ల అనిపియ్యాల్ననే గద బిడ్డా నా పేరు చెప్పింది," అన్నారు.