గొంతు పోయిన రోజుల్లో విన్న మాటలు

సిరిసిల్లలో మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. వెనక గదిలో అవి ఆడుతుంటే, ముందు గదిలో ఉన్న మనిషిని అన్నం తిన్నావా అని అడగాలన్నా అరవాల్సిందే. అందుకే బడిపిల్లల యూనిఫాంలు కుట్టే యూనిట్‌కు నన్ను మేనేజర్‌ను చేసినప్పుడు కుట్టుమిషన్ల మోత నాకొక లెక్క కాలేదు. షెడ్డు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర కాజాలు కుట్టే ఆమె తలెత్తేది.

బళ్లు తెరవడానికి ముందు పని ఊపిరి సలపనివ్వదు. అలాంటి ఒక ఎండాకాలం నా గొంతు ముందు బొంగురుపోయింది, ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాకుండా పోయింది. మా ఆయన కరీంనగర్‌లో గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు.

“గొంతుల చిన్న చిన్న గడ్డలున్నయమ్మా, భయం లేదు. మాట్లాడుడు మాత్రం బందు. గుసగుస కూడ వద్దు. నేను మల్ల చూసి చెప్పేదాక నోరు మెదపొద్దు” అన్నాడు డాక్టర్.

“సార్, ఈమె మేనేజరు” అన్నాడు మా ఆయన దిగాలుగా.

“ఇంక మంచిది. ఈమెకు రెస్టు, వినెటోళ్లకు జర రెస్టు.”

బస్సులో సిరిసిల్ల దాకా మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు నాతోపాటు యూనిట్‌కు వచ్చి, “మీ మేడం ఇగ మాట్లాడది. పరేషాన్ చెయ్యకుండ్రి” అని చెప్పి పోయాడు. ఆడవాళ్లకు పండగే అయింది. మధ్యాహ్నానికల్లా నాకొక కొత్త భాష తయారుచేశారు. రెండు వేళ్లు ఆడిస్తే కటింగ్, మెడ దగ్గర గిల్లితే కాలర్ సరిగా రాలేదని. నడుం మీద చేతులు పెట్టుకుని, గడ్డం ముందుకు చాచి నేను చూసే చూపును ఒకామె అచ్చం అలాగే చేసి చూపింది. షెడ్డంతా పగలబడి నవ్వింది. నేను అంత కోపంగా కనిపిస్తానని నాకు అప్పటిదాకా తెలియదు. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా.

కాలర్ మిషన్ దగ్గర కూర్చునే ఒక చెల్లె ఉండేది. భర్త దుబాయిలో, ఇంట్లో అత్త, చిన్న పాప. అన్నాలు తిన్నాక అప్పుడప్పుడు నా బల్ల దగ్గరికొచ్చి “మేడం, అదీ...” అని ఆగేది. ఆమె ఇబ్బంది పడకూడదని మిగతాది నేనే పూర్తిచేసేదాన్ని. “అత్తకు బాగలేదా? పో, రేపు రా.” ఇంకోసారి, “పాపకు జరమా? పో చెల్లె.” ఆమె పోయేది. మనిషి నోరు తెరవకముందే అవసరం కనిపెట్టగలనని నాకు లోలోపల ఒక సంబరం.

ఆ మాటల్లేని రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చింది.

“మేడం, అదీ...”

అలవాటుగా ఆగింది. నేను అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాను. ఆమె గుమ్మం వైపు చూసింది, నా వైపు చూసింది, కొంగు వేలికి చుట్టుకుంది.

“నాకు కటింగ్ నేర్సుకోవాలని ఉన్నది” అంది చివరికి.

నేను కళ్లు పెద్దవి చేశాను.

“ఎన్నిసార్లో చెప్పుదామని వచ్చిన మేడం. మీరేమో అత్తకు బాగలేదా అంటిరి, పాపకు జరమా అంటిరి. గంత ప్రేమతోని ఇంటికి పొమ్మంటే కాదని ఎట్ల అనాలె? పోయిన. పోతే మా అత్త, ‘ఏందే, మల్ల తోలిచ్చిండ్రా?’ అనేది.”

నవ్వాపుకోలేకపోయాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి. అవి పూర్తిగా నవ్వు నీళ్లు కావని ఆమెకూ అర్థమైనట్టుంది, నా భుజం నిమిరింది.

చెయ్యి పట్టుకుని కటింగ్ మాస్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆమెను చూపించి రెండు వేళ్లు ఆడించాను.

“ఈమెనా? గుడ్డ ఖరాబైతే?” అన్నాడు పెద్దాయన.

వేరే రోజైతే ఆమె తరఫున నేనే వాదించేదాన్ని. ఇప్పుడు ఆమె వైపు చూశాను.

“ముందుగాల పాత పేపర్ల మీద కోస్త మాస్టర్. చెయ్యి కుదిరినంకనే గుడ్డ ముట్టుకుంట.”

“సరే, రేపటిసంది రా” అన్నాడు ఆయన.

నేను అర్థం చేసుకోవడం అనుకున్నది చాలావరకు ఊహించడమే. ప్రేమతో ఊహించాను, నిజమే. కానీ నా దగ్గరికొచ్చిన వాళ్లకు నా ఊహకు తగ్గ జవాబే ఇచ్చి పంపాను.

గొంతు తిరిగి వచ్చింది. అలవాటూ దాని వెంటే వచ్చింది. ఎవరైనా మాట కోసం తడుముకుంటే ఇప్పటికీ నా నాలుక దురద పెడుతుంది. అయినా మరుసటి ఏడు పని మొదలుపెట్టేముందు ఒక్కొక్కరినీ పిలిచి, ఏ పని చేయాలనుందని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఊరుకోవడం నేర్చుకున్నాను. కాలర్ చెల్లె అప్పటికే నిక్కర్లు కోస్తోంది. మాస్టర్ రోజంతా ఆమెతో గొడవపడతాడు, ఆమె సెలవు పెడితే మాత్రం ముభావంగా ఉంటాడు.

అందరికంటే చివర, ఇస్త్రీ చేసే చిన్నమ్మ వచ్చి కూర్చుంది. యూనిట్‌లో అందరికంటే పెద్దది.

“నాకు ఇస్త్రీయే మంచిగున్నది బిడ్డా. జర కూసునేటందుకు ఎత్తు స్టూల్ ఒకటి తెప్పియ్యి” అంది.

సరేనని తలూపాను. మాట అయిపోయిందనుకుని లేవబోయి, ఆమె లేవలేదని మళ్లీ కూర్చున్నాను. ఆ తర్వాత అరగంట సేపు మనవరాలి గురించి చెప్పింది. పిల్లకు నడక వచ్చిందట, అన్నం మాత్రం తినదట.